రాజ జూబిలీ నాణేల సేకరణ

రాజు గద్దెనెక్కి పాతికేళ్ళో యాభయ్యేళ్ళో నిండినప్పుడు, రాజదంపతుల పెళ్ళికి రజతోత్సవమో స్వర్ణోత్సవమో జరిగినప్పుడు ప్రభుత్వ టంకశాలలు ప్రత్యేకంగా ముద్రించే నాణేలను జూబిలీ నాణేలంటారు. చట్టప్రకారం ఇవి చెల్లుతాయి. అయినా వీటిని ఖర్చుపెట్టేవారు అరుదు. కొన్నది కొన్నట్టు బీరువాలో దాచుకుంటారు. ఈ దాచుకునే అలవాటే సేకరణకు పునాది వేసింది, ఈ నాణేల ధరలనూ అదే దెబ్బతీసింది.

ఆధునిక కాలంలో ఈ సంప్రదాయం 19వ శతాబ్దపు ఐరోపాలో స్థిరపడింది. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్, ఎలిజబెత్‌ల పెళ్ళికి పాతికేళ్ళు నిండగా 1879లో 2 ఫ్లోరిన్ల వెండి నాణెం వచ్చింది. డెన్మార్క్ 1888లో తొమ్మిదో క్రిస్టియన్ పాలనకు పాతికేళ్ళని, 1892లో ఆయన పెళ్ళికి యాభయ్యేళ్ళని 2 క్రోనర్ నాణేలు వేసింది. ఫ్రాంజ్ జోసెఫ్ పాలనకు అరవయ్యేళ్ళు నిండిన 1908లో వచ్చిన 100 కొరోనాల బంగారు నాణెం బొరుసు వైపు మబ్బుల మీద ఆనుకుని కూర్చున్న స్త్రీమూర్తి ఉంటుంది. సేకర్తలు దాన్ని ‘మబ్బుల్లో మహిళ’ అనే పిలుస్తారు. కళ విషయంలో తర్వాతి జూబిలీ నాణేల్లో దానికి సాటి రాగలిగినవి తక్కువే.

బ్రిటన్‌లో మొదలు అంత సాఫీగా సాగలేదు. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి ప్రత్యేక నాణెం కాకుండా, మామూలు బంగారు, వెండి నాణేల మీద జోసెఫ్ ఎడ్గర్ బోమ్ చెక్కిన కొత్త ముఖచిత్రం వేశారు. రాణి తలపై బుల్లి కిరీటం జారిపడేటట్టు ఉందని జనం నవ్వుకున్నారు. అసలు చిక్కు ఆరు పెన్నీల నాణెంతో వచ్చింది. దాని మీద విలువ రాయలేదు, బొరుసు వైపు డాలు బొమ్మ చూస్తే అర సావరిన్ బంగారు నాణెమే అనిపిస్తుంది. బంగారు పూత పూసి పది షిల్లింగుల కింద, అంటే ఇరవై రెట్లకు, మార్చేసిన మోసగాళ్ళు బయలుదేరారు. ప్రభుత్వం వెంటనే ఆ నమూనాను ఆపి, విలువను అక్షరాల్లో చెక్కిన నాణేలు తెచ్చింది. 1897 వజ్రోత్సవానికి నాణెం జోలికి పోకుండా పతకంతో సరిపెట్టారు.

బ్రిటన్ తొలి అసలు సిసలు జూబిలీ నాణెం 1935 నాటి క్రౌన్. అయిదో జార్జి పాలనకు పాతికేళ్ళు నిండిన సందర్భంగా వచ్చిన అయిదు షిల్లింగుల నాణెం అది. సగం వెండి, సగం ఇతర లోహాలు. గుర్రమెక్కి డ్రాగన్‌ను చంపే సెయింట్ జార్జిని పెర్సీ మెట్‌కాఫ్ ఆనాటి ఆధునిక ధోరణిలో బిర్రుగా, కోణాలు తేలేటట్టు గీశారు. ఆ గుర్రాన్ని పిల్లలు ఊగే కొయ్యగుర్రంతో పోల్చారు, నాణేనికి ఆ పేరే నిలిచిపోయింది. ఏడు లక్షలకు పైగా ముద్రించారు. మామూలు నాణెం అంచు మీది అక్షరాలు లోపలికి దిగి ఉంటాయి. అక్షరాలు పైకి తేలిన మేలిరకం వెండి ప్రతులు కేవలం 2,500. అందుకే ఈ క్రౌన్ చేతికొస్తే అనుభవమున్న సేకర్త బొమ్మా బొరుసూ కన్నా ముందు అంచు చూస్తాడు.

భారత సంస్థానాల్లోనూ ఈ ముచ్చట ఉంది. బికనీర్ మహారాజా గంగా సింగ్ పాలనకు యాభయ్యేళ్ళు నిండిన 1937లో వెండి నజరానా (కానుక) రూపాయలు, బంగారు మొహర్లు వేయించారు. 

రెండో ఎలిజబెత్ కాలంలో ఈ నాణేలు లక్షల నుంచి కోట్లకు పెరిగాయి. 1972లో ఆమె పెళ్ళి రజతోత్సవానికి, 1977లో పాలనా రజతోత్సవానికి కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) క్రౌన్లు వచ్చాయి. వాటి విలువ 25 పెన్నీలు, కానీ ఆ మాట నాణెం మీద ఎక్కడా ఉండదు. 1977 నాటివి సుమారు 3 కోట్ల 70 లక్షలు. ముందుముందు ధర పలుకుతుందని ఇంటింటా దాచారు. అరిగినదీ కరిగినదీ పోయినదీ లేదు కనుక ఆ క్రౌన్ ఇప్పటికీ చవకగానే దొరుకుతుంది. ధర ఉన్నదల్లా ఆ ఏడు విడిగా అమ్మిన వెండి ప్రూఫ్ (సేకర్తల కోసం మేలిరకంగా ముద్రించిన) ప్రతులకే. ఆస్ట్రేలియా మాత్రం అదే సందర్భానికి మామూలు 50 సెంట్ల నాణెం మీద పాతికేళ్ళకు గుర్తుగా పాతిక చిన్న కిరీటాలు ముద్రించి చెలామణిలోకి వదిలింది. 1990 నుంచి బ్రిటన్ తన క్రౌన్ సైజులోనే, అదే 28.28 గ్రాముల నాణేనికి 5 పౌండ్ల విలువ కట్టింది. లోహం మారలేదు, విలువ మాత్రం ఇరవై రెట్లయింది. పాత క్రౌన్లు 25 పెన్నీల దగ్గరే ఉండిపోయాయి.

ముఖవిలువ ఎక్కువ పెట్టడం ఎంత ప్రమాదమో జపాన్‌కు తెలిసొచ్చింది. హిరోహిటో చక్రవర్తి పాలనకు అరవయ్యేళ్ళని 1986లో లక్ష యెన్ల బంగారు నాణెం తెచ్చారు. అందులో ఉన్నది 20 గ్రాముల స్వచ్ఛమైన బంగారం, దాని ధర ముఖవిలువలో సగం కూడా లేదు. మిగిలినదంతా ఖజానాకు లాభం. మొదటి ఏడాదే కోటి నాణేలు వేశారు. ఇదే లెక్క దొంగలకూ కుదిరింది. నకిలీ నాణేనికి నకిలీ లోహం అక్కర్లేకపోయింది, నిజం బంగారంతోనే చేసినా సగానికి పైగా మిగులు. 1990లో బయటపడ్డ అలాంటి నాణేలు లక్షకు పైనే. ఆ తర్వాత జపాన్ బంగారు నాణేల లావాదేవీల్లో తనిఖీ సహజమైపోయింది. తూకం, స్వచ్ఛత సరిపోతే చాలు అసలుదే అనుకునే రోజులు సేకర్తలకూ పోయాయి.