నూట పాతికేళ్ల గని కాపలా: పల్నాటి రాళ్ల దగ్గర నుంచి

1897లో కోలారు బంగారు గనుల్లో 52 మంది చనిపోయారు. రెండేళ్లకు, 1899లో, బెలూచిస్తాన్‌లోని ఖోస్ట్ బొగ్గు గనిలో 47 మంది పోయారు. ఆ చావుల తర్వాతే 1901లో గనుల చట్టం వచ్చింది. 1902 జనవరి 7న కలకత్తాలో గనుల తనిఖీ కార్యాలయం తెరిచారు. 1908లో అది ధన్‌బాద్‌కు మారింది. 1967 నుంచి దాని పేరు గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్. మన క్వారీ మేనేజర్లకూ మేట్లకూ బ్లాస్టర్లకూ అది డీజీఎంఎస్. వచ్చే 2027 జనవరికి దానికి నూట పాతికేళ్లు నిండుతాయి.

ఈ సంస్థ చరిత్రను బొగ్గు వైపు నుంచి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు నుంచి చెప్పేవాళ్లు తక్కువ. ఇక్కడి సున్నపురాయి గనులన్నీ ఆకాశం కింద తెరిచి ఉన్నవే కాబట్టి, ఇక్కడ ప్రమాదం ఏముంటుందిలే అన్న ధోరణి పైవాళ్లలోనూ ఉంది, మనలోనూ ఉంది. అది తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

గనుల వాళ్లు ఒకరికొకరు సాయం చేసుకోవడం ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి. 1906 మార్చి 10న ఫ్రాన్సులోని కురియేర్ గనుల్లో బొగ్గుపొడి అంటుకుని 1,099 మంది చనిపోయారు. అప్పటికి ఫ్రాన్సుకూ జర్మనీకీ పడదు. అయినా జర్మనీలోని వెస్ట్‌ఫేలియా గని కార్మికులు ఊపిరి పరికరాలు భుజాన వేసుకుని సరిహద్దు దాటి వచ్చి, విషవాయువు నిండిన దారుల్లోకి దిగారు. ఒక గనిలో ఆపద వస్తే పక్క గనివాడే ముందు చేరగలడన్న సంగతి ఆ రోజు లోకానికంతా తెలిసింది. గాలి ఎటు పోతుందో, పైకప్పు ఏ చప్పుడుకు కూలుతుందో ఎరిగినవాడు గనివాడే. పట్నం నుంచి వచ్చే అగ్నిమాపక దళానికి ఎంత ధైర్యం ఉన్నా ఆ ఎరుక ఉండదు.

మన దేశంలో ఆ ఎరుకకు ఒక వ్యవస్థ ఏర్పడటానికి చాలా కాలం పట్టింది. 1939లో బొగ్గు గనుల రెస్క్యూ నిబంధనలు వచ్చాక ధన్‌బాద్‌లోనూ, అసన్‌సోల్ దగ్గరి సీతారాంపూర్‌లోనూ రెస్క్యూ స్టేషన్లు పెట్టారు. వాటిని ఏ ఒక్క కంపెనీకీ కట్టబెట్టలేదు. అందరు యజమానుల సొమ్ముతో, అందరి గనుల కోసం నడిపారు. ఈ వ్యాసమంతటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ ఏర్పాటే. ప్రమాదం ఎవరి గనిలో జరుగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు కనుక, సాయం మాత్రం అందరిదిగా ముందే సిద్ధమై ఉండాలన్నది అందులోని ఆలోచన. 1985లో వచ్చిన గనుల రెస్క్యూ నియమాలు దాన్ని ఇంకా బిగించాయి. రెస్క్యూ స్టేషన్, దానికి అనుబంధంగా రెస్క్యూ రూములు, తర్ఫీదు పొందిన మనుషులు, క్రమం తప్పని సాధన ఇందులో భాగాలయ్యాయి. అయితే ఆ నియమాలు రాసింది భూగర్భ గనుల కోసం. మన పల్నాటి సున్నపురాయి గుంతలు వాటి పరిధిలోకి రాలేదు.

ఆ ఏర్పాటు ఎలా పనిచేసిందో రెండు ఘటనలు చెబుతాయి. 1989 నవంబరులో రాణిగంజ్ దగ్గరి మహావీర్ గనిలోకి నీళ్లు కమ్ముకున్నప్పుడు, జస్వంత్‌సింగ్ గిల్ పర్యవేక్షణలో బోరు తవ్వి, ఇనుప గొట్టం లాంటి క్యాప్సూల్ దింపి 65 మందిని ఒక్కొక్కరిగా పైకి తెచ్చారు. ఆ క్యాప్సూల్‌లో గిల్ స్వయంగా కిందికి దిగాడు. గోదావరిఖనికి మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. 2003 జూన్ 16న అక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది సింగరేణి కార్మికులు చనిపోయారు.

సింగరేణి రెస్క్యూ దళం ఈ మధ్య మనకు దగ్గరలోనే పనిచేసింది. 2025 ఫిబ్రవరి 22న నల్లమలలో, దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఆ సొరంగానికి బొగ్గు గనులతో ఏ సంబంధమూ లేదు. అది నీటిపారుదల పని. అయినా సైన్యం, ఎన్డీఆర్‌ఎఫ్‌తో పాటు సింగరేణి వాళ్లు దాదాపు పద్నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్లి, బురదలో, ఊటనీటిలో పనిచేశారు. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారాలో 41 మందిని పదిహేడో రోజున బయటికి తెచ్చినప్పుడు చివరి కొన్ని మీటర్లు చేత్తో తవ్విన ర్యాట్ మైనర్లు ఇక్కడికీ వచ్చారు. మార్చి నెలాఖరుకు రెండు మృతదేహాలే బయటికి వచ్చాయి. ఫలితం గుండె కోత మిగిల్చింది. కానీ ఎవరు ఎవరి గనివాళ్లని ఒక్కరూ అడగలేదు. ఆ సొరంగం మాచర్ల నుంచి చూస్తే కృష్ణకు ఎగువన, అదే నల్లమల అడవిలో ఉంది. మన క్వారీల్లో అలాంటి ఆపద వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో మాత్రం ఇక్కడ చాలామందికి తెలియదు.

ఇక మన నేల సంగతి. నాపరాయి, సున్నపురాయి పొరలు ఇక్కడ నేలకు అంత దగ్గరగా ఉండబట్టే పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల నాపరాళ్లు పేరు పొందాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ డ్యామ్ పని నడుస్తున్న రోజుల్లోనే, 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత దాచేపల్లి దగ్గర దుర్గాపురంలో ఆంధ్రా సిమెంట్స్ ఫ్యాక్టరీ వచ్చింది. మన జిల్లాలో భూగర్భ గని కూడా ఒకటి ఉండేది. వినుకొండ వైపు బండ్లమొట్టులో హిందుస్థాన్ జింక్ సీసం గని నడిపింది. అది మూతపడి చాలాకాలమైంది. కొత్తతరానికి దాని ఊసే తెలియదు.

పెద్ద సిమెంటు గనుల్లో డీజీఎంఎస్ చేసిన మేలు కంటికి కనిపిస్తుంది. బెంచీలు కట్టి రాయి తీయడం, బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ వేసి మనుషుల్ని దూరంగా పంపడం, 1966 నుంచి కొత్త కూలీకి వృత్తి శిక్షణ తప్పనిసరి కావడం ఇవన్నీ దాని పుణ్యమే. ఏటా జరిగే గనుల భద్రతా వారోత్సవాల్లో ఒక కంపెనీ గనిని ఇతర కంపెనీల వాళ్లు వచ్చి తనిఖీ చేస్తారు. ప్రథమ చికిత్స పోటీల్లో ఒక గని జట్టు ఇంకో గని జట్టుతో తలపడుతుంది. వ్యాపారంలో పోటీ పడే కంపెనీలు ఏడాదికొకసారి ఒకరి గుంతలోకి ఒకరు దిగి, ‘ఈ బెంచి వాలు ఎక్కువైంది’ అని ముఖం మీద చెప్పుకోవడం మామూలు విషయం కాదు. ఈ వారోత్సవాలను బహుమతుల సభగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆపద నాడు ఒకరినొకరు నమ్మాలంటే ముందే ఒకరి మనుషుల్ని ఒకరు ఎరిగి ఉండాలి. ఆ పరిచయానికి మనకున్న అవకాశం ఇదొక్కటే.

చిన్న క్వారీలు మాత్రం ఈ చుట్టరికంలో లేవు. 1952 గనుల చట్టంలోని మూడో సెక్షన్ ప్రకారం కట్టుబడి రాయి, కంకర, సున్నపురాయి వంటివి తీసే గుంత ఆరు మీటర్ల లోతు దాటకపోతే, కూలీలు యాభై మందికి మించకపోతే, మందుగుండు వాడకపోతే చట్టంలోని చాలా భాగం దానికి వర్తించేది కాదు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న క్వారీలు ఎన్నో. లోతు పెరిగింది, మందు పేలింది, కానీ చెప్పేవాళ్లు లేరు. 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లెలో జిలెటిన్ కర్రలు దించుతుండగా పేలి పదిమంది పోయారు. 2018 ఆగస్టు 3న కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడుకు ఒడిశా కూలీలు బలయ్యారు. సరిగ్గా ఏడేళ్లకు, 2025 ఆగస్టు 3న, మన పొరుగున బల్లికురవ గ్రానైట్ క్వారీలో రాయి మీద పడి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. చిలకలూరిపేట నుంచి బల్లికురవ ఎంత దూరం? ఊరు కాని ఊరొచ్చి మన ఇళ్లకు రాయి కొట్టినవాళ్లు వాళ్లు. వాళ్ల గురించీ ఇక్కడ మాట్లాడాలి.

ఇందులో మరో కోణం కూడా ఉంది. గనులకు సాయం కావాలన్నది నిజమే, అలాగే సాయం చేసే శక్తి కూడా గనులకే ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు ఆ గండ్లను పూడ్చింది క్వారీ రాయి, టిప్పర్లు, ప్రొక్లెయిన్లు. సైన్యం వచ్చింది, ఇంజనీర్లు రాత్రింబవళ్లు నిలబడ్డారు, కానీ లారీల కొద్దీ బండరాయి లేనిదే పని సాగేది కాదు. మన జిల్లాలో అలాంటి యంత్రాలు, క్రేన్లు, నీళ్లు తోడే పంపులు, అంబులెన్సులు, మందుగుండు ఎరిగిన మనుషులు ప్రతి పెద్ద గనిలోనూ ఉన్నారు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు, అవసరమైతే యంత్రాలను రప్పించే అధికారం ఆయనకు ఉంది. జిల్లాలవారీగా ఇలాంటి వనరుల జాబితా ఉంచడానికి ఇండియా డిజాస్టర్ రిసోర్స్ నెట్‌వర్క్ అనే ఏర్పాటూ ఉంది. ఎన్డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ గన్నవరం దగ్గరి కొండపావులూరులో ఉంది. కలపాల్సిన ముక్కలన్నీ చేతికి అందే దూరంలోనే ఉన్నాయి.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట మనకు కేంద్రమైంది. కొత్త జిల్లాకు ఈ పని మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. దాచేపల్లిలోనో పిడుగురాళ్లలోనో సిమెంటు కంపెనీలన్నీ కలిసి ఒక ఉమ్మడి సహాయ కేంద్రం పెట్టాలి. రాయి తొలగించే జాకీలు, తాళ్లు, స్ట్రెచర్లు, ఒక అంబులెన్సు, వంతుల మీద తర్ఫీదు పొందిన మనుషులు అందులో ఉండాలి. ఖర్చును తీసిన టన్నుల లెక్కన పంచుకోవచ్చు. దాని ఫోన్ నంబరు ప్రతి చిన్న క్వారీ దగ్గర తెలుగులోనూ, ఒడియాలోనూ రాసి పెట్టాలి. ఏడాదికొక్కసారైనా జిల్లా యంత్రాంగంతో, సింగరేణి రెస్క్యూ వాళ్లతో కలిసి సాధన జరగాలి. గని యజమానులను, కలెక్టరు గారిని, డీజీఎంఎస్ హైదరాబాదు కార్యాలయాన్ని ఈ వ్యాసం ద్వారా కోరుతున్నాను: 2027 జనవరి 7 లోగా ఆ కేంద్రం తలుపు తెరవండి.