ఐకాన్ వాడుకరుల ఎన్నికలు, 2000

ఐకాన్ (ఇంటర్నెట్ కార్పొరేషన్ ఫర్ అసైన్డ్ నేమ్స్ అండ్ నంబర్స్) అంతర్జాలంలో డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయపరచే లాభాపేక్షలేని సంస్థ. దీని పాలకమండలి సభ్యులను సాధారణ వాడుకరులు నేరుగా ఎన్నుకొన్నది 2000 అక్టోబరులో ఒక్కసారి మాత్రమే. ఆ ఎన్నికలు, వాటి రద్దు అంతర్జాల పాలనలో ప్రాతినిధ్యంపై దీర్ఘకాల వివాదానికి కారణమైనవి.

నేపథ్యం

ఐకాన్ 1998లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఏర్పడినది. తొలి నియమావళి ప్రకారం పాలకమండలిలో 19 స్థానాలు ఉండవలెను. వాటిలో 9 సాధారణ వాడుకరుల ప్రతినిధులకు, 9 సాంకేతిక, వ్యాపార వర్గాల సంఘాలకు, ఒకటి సంస్థ అధ్యక్షునికి కేటాయించబడినవి. అయితే 2000లో ఐదు స్థానాలకే ఎన్నిక జరిగినది. మిగిలిన నాలుగింటిలో తాత్కాలిక సభ్యులే కొనసాగినారు.

ఎన్నికలు

16 ఏళ్ళు నిండి, ఈమెయిలు, తపాలా చిరునామాలు గలవారు ఓటర్లుగా నమోదు కావచ్చును. ధ్రువీకరణకు రహస్య సంఖ్య తపాలాలో పంపబడినది. సుమారు 1,58,000 మంది దరఖాస్తు చేయగా, 76,000 మంది ధ్రువీకరణ పూర్తిచేసినారు. ఓటు వేసినవారు 34,035 మంది. ప్రాంతాలవారీగా పోలైన ఓట్లు, విజేతలు:

* ఆసియా-పసిఫిక్: 17,745 – మసనోబు కాతో (జపాన్)
* ఐరోపా: 11,309 – ఆండీ ముల్లర్-మాగున్ (జర్మనీ)
* ఉత్తర అమెరికా: 3,449 – కార్ల్ ఔర్‌బాక్ (అమెరికా)
* లాటిన్ అమెరికా, కరీబియన్: 1,402 – ఇవాన్ మౌరా కాంపోస్ (బ్రెజిల్)
* ఆఫ్రికా: 130 – నీ క్వేనర్ (ఘనా)

వివాదం

130 మంది ఓటర్లకు, 17,745 మంది ఓటర్లకు సమానంగా ఒక్కొక్క స్థానమే లభించినది. జనసంఖ్యను బట్టి స్థానాలు ఇచ్చినచో అంతర్జాలం అప్పుడప్పుడే చేరుతున్న ప్రాంతాలకు చోటు దక్కదు. ప్రాంతానికొకటి ఇచ్చినచో ఓట్ల విలువ సమానం కాదు. కోట్లాది వాడుకరుల తరఫున కొద్దివేల మంది తీర్పు చెల్లదని ఎన్నికల వ్యతిరేకులు వాదించినారు. ఓటు లేనిచో వ్యాపార సంస్థలు, ప్రభుత్వాల మాటే నెగ్గునని సమర్థకులు వాదించినారు. ఐకాన్‌ను తీవ్రంగా విమర్శించిన ముల్లర్-మాగున్, ఔర్‌బాక్ గెలుపొందుట ఈ వాదనకు బలమిచ్చినది.

సంస్థ రికార్డుల పరిశీలనకు విధించిన షరతులను అంగీకరించని ఔర్‌బాక్ 2002 మార్చిలో దావా వేసినాడు. అదే సంవత్సరం జూలైలో కాలిఫోర్నియా న్యాయస్థానం ఆయనకు అనుకూలంగా తీర్పు ఇచ్చినది.

రద్దు, తరువాతి పరిణామాలు

2002 డిసెంబరులో అమలులోకి వచ్చిన కొత్త నియమావళి ప్రత్యక్ష ఎన్నికలను తొలగించినది. వాటి స్థానంలో వాడుకరుల సలహా సంఘం ఏర్పడినది. పాలకమండలిలో ఈ సంఘపు ప్రతినిధికి తొలుత ఓటు హక్కు లేదు. 2010లో ఓటు హక్కు గల ఒక స్థానం వాడుకరుల విభాగానికి లభించినది. 19లో 9గా మొదలైన వాగ్దానం ఈ విధంగా 16 ఓట్లలో ఒకటిగా మిగిలినది.

2016 అక్టోబరు 1న డొమైన్ వ్యవస్థపై అమెరికా ప్రభుత్వ ఒప్పందం ముగిసినది. అప్పటినుండి పాలకమండలి నిర్ణయాలను సవాలు చేయగల ఐదు వర్గాలలో వాడుకరుల సలహా సంఘం ఒకటి. ఈ మార్పు తరువాత ఐకాన్ తొలి సమావేశం 2016 నవంబరులో హైదరాబాదులో జరిగినది.