బొగ్గుట్ట, డోర్నకల్: సంఘ చరిత్రలో ఒక మరుగున పడిన పుట

1904 నాటి వేల్స్ ఉజ్జీవం గురించి మన వేదికల మీద వినని విశ్వాసి అరుదు. ఇవాన్ రాబర్ట్స్ ప్రార్థనలు, కీర్తనలు పాడుతూ గనిలోకి దిగిన కార్మికులు, వారు బూతులు మానేసరికి ఆజ్ఞ అర్థంకాక నిలిచిపోయిన గని గుర్రాలు. ఈ గుర్రాల కథ ఎంత నిజమో గాని, చెప్పని ప్రసంగీకుడు లేడు! అయితే వరంగల్ ప్రాంతపు సంఘ చరిత్ర సైతం ఒక బొగ్గు గ్రామంతో ముడిపడి ఉన్నదన్న సంగతిని మనం అంతగా పట్టించుకోలేదు. అది ఇల్లెందు. జనం నోట బొగ్గుట్ట.

1870ల ఆరంభంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇక్కడి బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి హక్కులు లభించగా, 1889లో ఉత్పత్తి మొదలైంది. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి దగ్గరి గ్రామం పేరు వచ్చింది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేవరకు ఇల్లెందు వరంగల్ జిల్లాలోనిదే. ఈ బొగ్గును తరలించేందుకు వేసిన శాఖా రైలుమార్గం ప్రధాన మార్గం నుండి చీలిన చోటే డోర్నకల్.

1903లో ఏర్పడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఈ ప్రాంతాన్ని తన సేవాక్షేత్రంగా ఎంచుకుంది. 1909లో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య డోర్నకల్ చేరాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా ప్రతిష్ఠితుడై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడయ్యాడు. ఆయన పీఠం వరంగల్‌లో గాక ఈ చిన్న ఊరిలో ఎందుకు నిలిచింది? హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను అప్పటికే వేళ్లూనింది. అంతకన్నా, నలుదిక్కుల పల్లెలకు వెళ్లిరావడానికి జంక్షన్ అనుకూలమన్నది మా అభిప్రాయం. దైవ పిలుపును గురించి రాసినవారు బొగ్గు బండిని ప్రస్తావించరు. ప్రస్తావిస్తే పిలుపు విలువ తగ్గదు.

మరి ఆ బొగ్గు తవ్వినవారెవరు? తట్టా చెమ్మస్ పట్టినవారిలో మాల, మాదిగ కుటుంబాలున్నాయి. అజరయ్య కాలంలో గుంపులుగా సంఘంలో చేరినదీ ఆ కులాలవారే. పల్లెలోని మార్పును మన చరిత్రకారులు వివరంగా రాశారు. గని వాడను దాటవేశారు. వేల్స్‌లోని సెంగెనిథ్ గనిలో 1913 అక్టోబరు 14న జరిగిన పేలుడులో 439 మంది కార్మికులు మరణించారు. వందేళ్లకు, 2013లో, అక్కడ జాతీయ స్మారకం వెలసింది. మృతుల పేర్లు అందులో చదవవచ్చు.

ఇల్లెందులో మొదలైన కంపెనీకి తరువాత కొత్తగూడెం కేంద్రమైంది. యంత్రాలు, ఓపెన్ కాస్టులు వచ్చాక కంపెనీ మొత్తంలో 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న ఉద్యోగులు నేడు సుమారు 40 వేలకు తగ్గారు. ఉపాధి పోయిన చోట కుటుంబాలు కదులుతాయి, సంఘ సభ్యత్వమూ వారితోనే కదులుతుంది.

మిగిలేవి రిజిస్టర్లు. ఆంగ్లికన్ బాప్తిస్మ రిజిస్టరులో తండ్రి వృత్తికి ఒక గడి ఉంటుంది. ఈ ప్రాంతంలో సేవ చేస్తున్న కాపరులు తమ సంఘపు బీరువాలోని పాత సంపుటాలను తెరిచి, ఆ గడిలో గని పని రాసి ఉన్న పేజీలను ముందుగా నకలు తీయించాలని కోరుతున్నాము. చెదలు మనకోసం ఆగవు.