విశ్వవిద్యాలయ ప్రాంగణంలో స్త్రీల చరిత్ర: ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ నేర్పే పాఠం

ఉపోద్ఘాతం

ఏటా మార్చి 8 సమీపించగానే విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో మహిళా దినోత్సవ సన్నాహాలు మొదలవుతాయి. జ్యోతి ప్రజ్వలన, వ్యాసరచన పోటీలు, సన్మానాలు, ప్రసంగాలు అనే క్రమం అందరికీ పరిచితమే. ఆ ప్రసంగాలలో ఒక పట్టిక తప్పక వినిపిస్తుంది. రుద్రమదేవితోనో మొల్లతోనో మొదలై, దుర్గాబాయి దేశ్‌ముఖ్ మీదుగా నేటి శాస్త్రవేత్తల వరకు సాగే మహనీయుల పేర్ల వరుస అది. విన్నవారు చప్పట్లు కొడతారు. మరుసటి రోజు తరగతి గదిలో పాఠ్యప్రణాళిక యథాతథంగా ఉంటుంది.

ఈ పట్టిక ఒక సాహిత్య రూపం. తెలుగులో దానికి నూటపాతికేళ్లకు చేరువైన చరిత్ర ఉంది. దాని తొలి గ్రంథరూపం కృష్ణా తీరంలో పుట్టిన రచయిత్రి భండారు అచ్చమాంబ కూర్చిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. ఆ గ్రంథంలో పట్టిక ఒక వాదానికి సాక్ష్యంగా నిలిచింది. నేటి వేడుకలో పట్టిక మిగిలింది, వాదం జారిపోయింది. ఈ పరిణామాన్ని పరిశీలించి, మంగళగిరి పరిసరాలలోని విశ్వవిద్యాలయ ప్రాంగణానికి అచ్చమాంబ పద్ధతి ఏ విధంగా ఉపకరిస్తుందో సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

వేడుక వెనుక ఉన్న అభ్యర్థన

మహిళా దినోత్సవం పుట్టుకలోనే ఒక కోరిక ఉంది. 1910లో కోపెన్‌హాగెన్‌లో జరిగిన సోషలిస్టు స్త్రీల సమావేశంలో క్లారా జెట్కిన్ ప్రభృతులు దీనిని ప్రతిపాదించినప్పుడు వారి ముందున్న ప్రధాన విషయం ఓటు హక్కు. ఐక్యరాజ్య సమితి 1975ను అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా పాటించింది. మన దేశంలో అంతకు ముందు ఏడాది, 1974లో, స్త్రీల స్థితిగతులపై నియమితమైన సంఘం ‘సమానత్వం వైపు’ అనే నివేదికను సమర్పించింది. స్వాతంత్ర్యానంతరం స్త్రీల స్థితి సహజంగానే మెరుగుపడుతూ వచ్చిందన్న నమ్మకాన్ని ఆ నివేదిక గట్టిగా ప్రశ్నించింది. ఆ తరువాతి దశాబ్దంలో విశ్వవిద్యాలయాలలో స్త్రీల అధ్యయన కేంద్రాలు ఏర్పడటానికి అది బలమైన ప్రేరణ అయింది. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో స్థాపితమైంది.

అమెరికాలో 1978లో కాలిఫోర్నియా రాష్ట్రం సొనోమా ప్రాంతంలో స్త్రీల చరిత్ర వారోత్సవం మొదలైంది. పాఠశాల చదువులో స్త్రీల చరిత్ర దాదాపు లేదన్న గుర్తింపు దానికి మూలం. ఈ సందర్భాలన్నిటిలో వేడుక ఏదో ఒక లోటును ఎత్తి చూపింది. లోటును పేర్కొనని వేడుక ప్రశస్తిగా మాత్రమే మిగులుతుంది. ఈ భేదం అచ్చమాంబకు బాగా తెలుసు.

అచ్చమాంబ వాదం

భండారు అచ్చమాంబ (1874–1905) నందిగామ ప్రాంతంలో జన్మించింది. చిన్ననాడే తండ్రి గతించాడు. పదేళ్ల ప్రాయంలో వివాహమై, భర్త ఉద్యోగరీత్యా మధ్య పరగణాలకు వెళ్లింది. బడి చదువు ఆమెకు లభించలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్కగారింట ఉండి చదువుకుంటున్నప్పుడు, ఆ చదువు పక్కనే ఆమె తన చదువును సాగించింది. తెలుగు, హిందీ, మరాఠీ భాషలలో ప్రవేశం సంపాదించింది. పిల్లలను కోల్పోయిన దుఃఖంలోనూ అనాథ బాలలను చేరదీసింది. ముప్పై ఏళ్ల వయసులో, 1905 జనవరిలో మరణించింది.

‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తొలి భాగం 1901లో కందుకూరి వీరేశలింగం ‘చింతామణి’ ద్వారా వెలుగులోకి వచ్చింది. చారిత్రక స్త్రీలకు ఒక భాగం, వేద పురాణాది వాఙ్మయంలోని స్త్రీలకు మరొకటి, విదేశీ వనితలకు ఇంకొకటి అన్నది ఆమె ప్రణాళిక. అకాల మరణం వల్ల అది సంపూర్ణం కాలేదు.

గ్రంథ ప్రయోజనాన్ని ఆమె పీఠికలో స్పష్టంగా చెప్పుకుంది. దాని సారాంశం మూడు అంశాలు. మొదటిది, స్త్రీలు దుర్బలులు, బుద్ధిహీనులు అనే నింద అసత్యమని నిరూపించడం. రెండవది, చదువు, స్వేచ్ఛ లభిస్తే స్త్రీలు చెడిపోతారన్న వాదాన్ని ఖండించి, విద్య వల్ల మేలే కలుగుతుందని చూపడం. మూడవది, తోటి స్త్రీలకు ఆదర్శప్రాయమైన జీవితాలను పరిచయం చేయడం. మొదటి రెండింటికీ ఎదుట ప్రతివాది ఉన్నాడు. స్త్రీవిద్యను సమర్థించేవారు, నిరసించేవారు పత్రికలలో ఘర్షణ పడుతున్న కాలం అది. గ్రంథంలోని ఒక్కొక్క చరిత్ర ఆ వివాదంలో ప్రవేశపెట్టిన ఒక్కొక్క సాక్ష్యం.

గ్రంథనామంలోనే ఈ వాదరీతి కనిపిస్తుంది. ‘అబల’ అంటే వ్యుత్పత్తి రీత్యా బలం లేనిది. రూఢిలో ఆ పదం స్త్రీకి పర్యాయం. ప్రతివాది వాడే పదాన్ని శీర్షికలో నిలిపి, లోపలి చరిత్రలతో దాని అర్థాన్ని కాదనడం ఈ గ్రంథ నిర్మాణంలోని విశేషం. సంస్కర్తలు స్త్రీల కోసం రాసిన రచనలు అప్పటికే ఉన్నాయి. వీరేశలింగం ‘సతీహితబోధిని’ని స్త్రీల కోసమే 1883లో ప్రారంభించాడు. అక్కడ స్త్రీ బోధింపబడే వ్యక్తి. అచ్చమాంబ చేతిలో స్త్రీ ఆధారాలు సేకరించి వాదించే వ్యక్తి అయింది.

ఆమె గ్రంథంతో ఆగలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజాన్ని నెలకొల్పింది. అదే ఏడాది ‘హిందూసుందరి’ పత్రికలో ‘ధనత్రయోదశి’ కథను ప్రచురించింది. చరిత్ర రచన, సంస్థా నిర్మాణం, కథా రచన ఆమె దృష్టిలో ఒకే పనికి మూడు ముఖాలు.

‘సచ్చరిత్ర’ గీసిన గీత

ఈ గ్రంథానికి ఒక పరిమితి కూడా ఉంది. తెలుగులో ‘చరిత్ర’ అనే పదానికి గతవృత్తాంతం, జీవితకథ, నడవడి అనే అర్థాలు కలిసి ఉన్నాయి. ‘సచ్చరిత్ర’ అన్నప్పుడు మూడవ అర్థం ముందుకు వస్తుంది. మంచి నడవడి గల స్త్రీలే చరిత్రకు అర్హులనే నియమం శీర్షికలోనే అడుగుపెడుతుంది. చదివితే చెడిపోతారన్న ప్రతివాదికి సమాధానం చెప్పవలసి వచ్చినప్పుడు, చెడిపోనివారినే సాక్షులుగా తేవడం అనివార్యమైంది. ప్రతివాది వేసిన ప్రశ్నే సాక్షుల ఎంపికనూ నిర్ణయించింది.

ఈ గీతకు ఆవల ఎవరు మిగిలిపోతారో ముద్దుపళని ఉదంతం చెబుతుంది. ఆమె ‘రాధికాసాంత్వనము’ను వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో అశ్లీలమని తీవ్రంగా నిందించాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రచురించింది. మరుసటి ఏడాది ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుంది. నిషేధం తొలగడానికి 1947 వరకు ఆగవలసి వచ్చింది. అచ్చమాంబ గ్రంథాన్ని ఆదరించినదీ, ముద్దుపళనిని నిరాకరించినదీ ఒకే సంస్కరణ దృష్టి కావడం గమనార్హం. నేటి సన్మాన పట్టికలు ‘సచ్చరిత్ర’ అనే మాటను వాడవు. అయినా వివాదం లేని పేర్లనే ఎంచుకునే అలవాటులో ఆ నియమం కొనసాగుతూనే ఉంది.

ప్రశ్న మారిన క్రమం

అచ్చమాంబ తరువాత స్త్రీల చరిత్ర రచనలో రెండు మలుపులను ప్రధానంగా గుర్తించవచ్చు. బాపట్లకు చెందిన ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ ‘ఆంధ్ర కవయిత్రులు’ 1953లో వెలువడింది. స్త్రీలకు సామర్థ్యం ఉందా అన్న ప్రశ్న అప్పటికి వెనుకబడింది. స్త్రీలు రాసినది ఏది, అది సాహిత్య చరిత్రలో ఎందుకు కనిపించదు అన్నది ముందుకు వచ్చింది. ఇక్కడ సాక్ష్యం నడవడి నుంచి రచనకు మారింది.

రెండవ మలుపు 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటలలో చెప్పిన జీవితకథలు ఇందులో ఉన్నాయి. తుపాకి పట్టడంతో పాటు కాన్పు, బిడ్డను విడిచి వెళ్లిన వేదన, పోరాటం ముగిశాక ‘ఇక ఇళ్లకు వెళ్లండి’ అనిపించుకున్న నిరాశ కూడా చరిత్రలో భాగమయ్యాయి. ఇక్కడ స్త్రీ స్వయంగా కథకురాలైంది. పోరాటాన్ని తలచుకునే సభలలో చోటుదొరకని అసంతృప్తికి ఈ గ్రంథంలో చోటు దొరికింది.

ఈ విధంగా 1901లో ‘స్త్రీలు చేయగలరా’ అన్న ప్రశ్న, 1953 నాటికి ‘చేసినది ఎక్కడ ఉంది’ అనీ, 1986 నాటికి ‘చేసినవారు ఏమంటున్నారు’ అనీ మారింది. ప్రాంగణ వేడుక మాత్రం ఎక్కువగా మొదటి ప్రశ్న దగ్గరే ఉండిపోయింది. తరగతి గదుల నిండా విద్యార్థినులు ఉన్న కాలంలో, స్త్రీలు చదవగలరని నిరూపించే పట్టికకు ఎదుట ప్రతివాది ఎవరో చెప్పడం కష్టం.

పట్టిక దాటవేసే మరొక అంశం సంస్థల చరిత్ర. అచ్చమాంబ మేనకోడలు, లక్ష్మణరావు కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ వైద్యురాలై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది. మేనత్తకు బడి లేదు, అదే పేరుగల మేనకోడలికి వైద్యవిద్య అందింది. రెండు పేర్లను పక్కపక్కన రాస్తే అది ఒక కుటుంబ ప్రతిభగా కనిపిస్తుంది. ఆ రెండు తరాల మధ్య ఈ డెల్టాలో మచిలీపట్నపు బృందావన సమాజం, ఉన్నవ లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో స్థాపించిన శారదా నికేతనం, కనుపర్తి వరలక్ష్మమ్మ బాపట్లలో నడిపిన స్త్రీ హితైషిణీ మండలి వంటి సంస్థలు పనిచేశాయి. ఆడపిల్ల చదవడాన్ని ఊరంతా వింతగా చూడని స్థితి ఏర్పడటంలో ఇటువంటి సంస్థల పాత్ర పెద్దది. వాటి కార్యదర్శులు, ఉపాధ్యాయినులు, చందాలిచ్చిన గృహిణులు ఏ ‘తొలి మహిళల’ పట్టికలోనూ చేరరు.

మంగళగిరి పరిసరాలలో చేయదగిన పని

మంగళగిరి పరిసరాలు నేడు సాంకేతిక, వైద్య విద్యాసంస్థలకు నెలవు. 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఇక్కడికి సమీపంలోనే, విజయవాడ–గుంటూరు మార్గంలో నంబూరు వద్ద ఉంది. స్త్రీల చరిత్రకు ఈ ప్రాంతంలో ఆధారాల కొరత లేదు. విశ్వవిద్యాలయం ధరించిన పేరుతోనే మొదలుపెట్టవచ్చు. ఎగువ కృష్ణా తీరంలోని నాగార్జునకొండ శాసనాలు క్రీ.శ. 3వ శతాబ్దపు ఇక్ష్వాకు రాజకుటుంబ స్త్రీల దానాలను విస్తారంగా నమోదు చేశాయి. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో అక్కడి మహాచైత్యాన్ని పూర్తి చేయించినది అతని మేనత్త చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక తన చైత్యగృహ దానాన్ని, దాని పుణ్యంలో పాలుపంచుకునే బంధువులను వివరంగా శాసనబద్ధం చేసింది. నాగార్జునుని పేరు ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ లోయలో రాతిపై పేర్లు నిలిపిన ఈ స్త్రీలు ఎందరికి తెలుసు?

రాతిపై ఆధారం ఉన్న చరిత్ర అది. ఏ లిఖిత ఆధారమూ లేనిది మంగళగిరి వీధులలోనే ఉంది. మంగళగిరి చేనేత దేశమంతటా ప్రసిద్ధం. మగ్గం మీద నేత సాగాలంటే అంతకు ముందు నూలు సిద్ధం కావాలి. రాట్నంపై కండెలు చుట్టడం, ఆసు పోయడం వంటి పనులు చేనేత కుటుంబాలలో ఎక్కువగా స్త్రీల చేతుల మీదుగా జరుగుతాయి. నేత కూలి సాధారణంగా మగ్గం మీద కూర్చున్నవారి లెక్కలో చేరుతుంది. చీర పేరులో ఊరు ఉంటుంది, కండె చుట్టిన చేయి ఉండదు. వేడుక నాడు ఆ చీర కట్టుకుని వేదిక మీద కూర్చునే మనం ఆ పనిని చరిత్రగా ఎప్పుడైనా నమోదు చేశామా?

తెలుగు శాఖకు ఈ పనిలో ప్రత్యేక పాత్ర ఉంది. వృత్తి పదజాల సేకరణ, జీవితకథల నమోదు, పాత పత్రికల సూచికల తయారీ మన క్రమశిక్షణకు చెందిన పనులే. మార్చి 8కి ముందు నెల రోజులు విద్యార్థి బృందాలు చేనేత వాడలలో వృద్ధ స్త్రీల కథనాలను వారి అనుమతితో, వారి మాటలలోనే నమోదు చేయవచ్చు. మరొక బృందం డెల్టాలోని స్త్రీల సమాజాల నివేదికలు, ఆహ్వాన పత్రికలు, చందా పుస్తకాలు ఎవరి ఇళ్లలో ఉన్నాయో వెదకవచ్చు. ఉత్సవం నాడు ఆ సేకరణను ప్రదర్శించి, గ్రంథాలయంలో భద్రపరచవచ్చు. ఏటా కొంత చేరినా పదేళ్లలో ఒక పరిశోధన భాండాగారం సిద్ధమవుతుంది.

ముగింపు

సన్మానాలు అనవసరమని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఒక విద్యార్థిని వేదికపై విన్న పేరు ఆమె జీవితానికి ఆసరా కావచ్చు. అచ్చమాంబ మూడవ ప్రయోజనం అదే. అయితే ఆమె దానిని మూడవదిగా పెట్టింది. మొదటి రెండు స్థానాలను తన కాలపు అసత్యాలను ఎదుర్కోవడానికి కేటాయించింది. మన కాలపు అసత్యం వేరు. స్త్రీలు బుద్ధిహీనులని నేడు ఏ వేదిక మీదా ఎవరూ అనరు. స్త్రీల శ్రమ చరిత్ర కాదని, సంస్థలను నిలబెట్టిన సామాన్య స్త్రీలు పరిశోధనాంశం కారని మన పాఠ్యప్రణాళికలు మౌనంగా అంటూనే ఉన్నాయి. ఆ మౌనమే నేటి ప్రతివాది. బడి ముఖం చూడని ఒక స్త్రీ, గ్రంథాలయాలు అరుదైన కాలంలో, ఆధారాలు సేకరించి సమాధానం చెప్పింది. గ్రంథాలయం, పరిశోధక విద్యార్థులు, పత్రిక అన్నీ ఉన్న విశ్వవిద్యాలయం అంతకంటే తక్కువతో తృప్తిపడకూడదు.