మాయ, లోభం, అభిమానం: సరిహద్దు జిల్లాలో ప్రేమవాచకాలు

చంద్రపూర్ జిల్లా తెలంగాణకు ఆనుకొని ఉన్నది. ఈ జిల్లాలోని రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, పిదప నాందేడ్‌లోను, 1959లో చంద్రపూర్‌లోను చేరింది. అందుచేత ఇచ్చటి తెలుగు పిల్లలకు ఇంటిలో తెలుగు, బడిలో మరాఠీ, పొరుగున గోండీ వినిపిస్తాయి. వీరిని ఎక్కువగా తికమక పెట్టేవి కఠినపదాలు కావు. రెండు భాషలలోను ఒకే రూపంలో కనిపించే ప్రేమవాచకాలు.

ఒకే పదం, వేరు అర్థం

మాయ: తెలుగులో భ్రమ, మోసం. మరాఠీలో ఆ అర్థంతో పాటు వాత్సల్యమనే అర్థం కూడా ఉన్నది. "ఆయీచీ మాయా" అనగా తల్లి మమకారమే గాని తల్లి చేసిన మాయ కాదు.

లోభం: మనకు పిసినారితనం. మరాఠీవారు ఉత్తరం ముగిస్తూ "లోభ్ అసావా" అని వ్రాస్తారు. మాపై ప్రేమ ఉంచండి అని దాని భావం.

అభిమానం: తెలుగులో ఇష్టం, ఆత్మగౌరవం. మరాఠీలో గర్వం. "తుఝా అభిమాన్ వాట్‌తో" అంటే "నిన్ను చూసి గర్విస్తున్నాను" అని అర్థం.

రాగం: సంస్కృతంలో రంగు, ఎరుపు, ఆసక్తి అనే అర్థాలున్నాయి. తెలుగులో అనురాగమైతే ప్రేమ. మరాఠీలో "రాగ్" అంటే కోపం.

దేశిపదాలు

ప్రేమ అనే పదం ఉభయ భాషలకూ సంస్కృతం నుండి వచ్చింది. తెలుగుకు వలపు, కూరిమి, మక్కువ, నెనరు సొంతం. వీటిలో వలపు స్త్రీపురుషులకే చెల్లుతుంది. తల్లి ప్రేమను వలపు అనరాదు. మరాఠీలో జివ్హాళా అనగా ఆప్యాయత. ఆపులకీ అనగా తనవారన్న భావం. ఓఢ అంటే లాగుడు. మనం "మనసు లాగుతోంది" అనడం ఇటువంటిదే.

పిలుపులు

తెలంగాణ తల్లి "బిడ్డా" అంటుంది, మరాఠీ తల్లి "బాళ్" అంటుంది. మన "బంగారం", వారి "సోన్యా" రెండింటిలోను ఉన్నది పసిడియే. "లాడకీ" అనగా గారాల పిల్ల; 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన "మాఝీ లాడకీ బహీణ్" పథకం పేరులో ఉన్నది ఈ పదమే. కన్నకొడుకును "నాన్నా" అని, కూతురిని "అమ్మా" అని పిలిచే మన అలవాటు మాత్రం మరాఠీ పొరుగువారికి వింతగా తోచవచ్చు.

గోండీ ద్రావిడభాష గనుక తెలుగుకు చుట్టం. గోండీలో తల్లిని తెలిపే "అవ్వల్", తమ్ముని తెలిపే "తమ్ముర్" మన అవ్వను, తమ్ముని వెంటనే స్ఫురింపజేస్తాయి.

గమనించవలసినది

పిల్లవాని ప్రగతిపత్రంలో గురువు "అభిమాన్" అని వ్రాస్తే తల్లిదండ్రులు దానిని వట్టి ఇష్టంగా గ్రహించి, గురువు చూపిన గర్వాన్ని గుర్తించకపోవచ్చు. "లోభ్ అసావా" అన్న లేఖను చూచి తమను పిసినారులన్నారని నొచ్చుకోవచ్చు. కావున అనువదించేటప్పుడు పదరూపాన్ని గాక, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో చూడవలెను. బడిలో మరాఠీ బాగుగా నేర్పుదాం. ఇంటిలో "బిడ్డా" అన్న పిలుపును మాత్రం మాననవసరం లేదు. వ్యవహారపు మాటలు బడిలో, బజారులో ఎప్పుడైనా నేర్వవచ్చును గాని, లాలన మాటలు ఇంటిలో వినకపోతే పిల్లలకు మరెక్కడా దొరకవు.