ఫోమ్ క్యాంపింగ్ ట్రైలర్

గట్టి ఫోమ్ పలకలతో తక్కువ ఖర్చులో సొంతంగా తయారుచేసుకుని, కారు వెనుక తగిలించుకుని వెళ్లే చిన్న పడకగది ఇది. అమెరికా ఔత్సాహికులు దీన్ని ‘ఫోమీ’ అంటారు. అక్కడ 1930లలో ప్రాచుర్యంలోకి వచ్చిన కన్నీటిచుక్క ఆకారపు ‘టియర్‌డ్రాప్’ ట్రైలర్లు దీనికి పూర్వరూపం.

నిర్మాణం: చక్రాలున్న ఇనుప చట్రం మీద ప్లైవుడ్ నేల పరుస్తారు. గోడలకు, పైకప్పుకు ఇళ్లలో ఉష్ణ నిరోధానికి వాడే ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ పలకలు వాడతారు. 4×8 అడుగుల కొలతతో, 2 అంగుళాల మందంతో దొరికే వీటిని చాకుతోనే కోయవచ్చు. ఘనమీటరు ఫోమ్ సుమారు 30 కిలోలే తూగుతుంది. ప్లైవుడ్ అయితే 500 కిలోల పైమాటే. అందుకే చిన్న కారైనా దీన్ని లాగగలదు.

పైపూత: ఫోమ్ మీద కాన్వాస్ గుడ్డను నీటికి తట్టుకునే చెక్క జిగురుతో అతికించి, బయటి గోడలకు వేసే లేటెక్స్ రంగు పలుమార్లు పూస్తారు. గుడ్డ లాగుడును తట్టుకుంటుంది, ఫోమ్ దాని ఆకారాన్ని నిలబెడుతుంది. రెండు వైపులా గుడ్డ అతికిస్తేనే గోడకు అసలైన బిగువు వస్తుంది. తలుపులు, కిటికీలు బిగించే చోట ఫోమ్‌లో చెక్క పట్టీలు పొదగాలి.

జాగ్రత్తలు: ద్రావకాలున్న జిగుర్లు, పాలియెస్టర్ రెజిన్ ఈ ఫోమ్‌ను కరిగించేస్తాయి, ఎపాక్సీతో ఆ ప్రమాదం లేదు. పాలిస్టైరీన్ మండే పదార్థం కాబట్టి లోపల పొయ్యి వెలిగించకూడదు. గాలి ఆడేందుకు వెంటిలేటర్లు తప్పనిసరి. మొత్తం బరువులో 10–15 శాతం కారు కొక్కెంపై పడేలా సర్దితే ప్రయాణంలో ట్రైలర్ అటూఇటూ ఊగదు.