హెచ్‌-1బి వీసా, తెలుగువారు

డిగ్రీ చదువు తప్పనిసరైన ఉద్యోగంలో విదేశీయుణ్ని కొంతకాలం పెట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వం అక్కడి యజమానికి ఇచ్చే అనుమతి హెచ్‌-1బి. మొదట మూడేళ్లకు ఇస్తారు, తర్వాత ఇంకో మూడేళ్లు పొడిగిస్తారు. ఏటా ఆమోదం పొందేవాటిలో నూటికి డెబ్బైకి పైగా భారతీయులవే. అందులో తెలుగువాళ్ల బలం ఎంతో ఇంకో లెక్క చెబుతుంది: అమెరికా జనగణన సంస్థ సమాచారం ప్రకారం 2010-2017 మధ్య ఆ దేశంలో ఇళ్లల్లో మాట్లాడే పెద్ద భాషల్లో అన్నిటికంటే వేగంగా పెరిగింది తెలుగే. ఆ ఏడేళ్లలో 86 శాతం పెరిగింది.

ఈ వీసాకు తెలుగునాట ఒక గుడి కూడా ఉంది. రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని హిమాయత్‌నగర్ (హైదరాబాదు నడిబొడ్డున అదే పేరుతో ఉన్న పేట కాదు) చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్లే రోడ్డు మీది ఊరు. అక్కడ రోడ్డు దిగి లోపలికి తిరిగితే గండిపేట చెరువు ఒడ్డున చిలుకూరు బాలాజీ గుడి. జనం నోట అది వీసా బాలాజీ గుడి.

అర్జీ ఎవరిది

హెచ్‌-1బి పద్ధతిలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. వీసా కోసం నిద్రలు మానుకునే మనిషి ఇందులో అర్జీదారు కాదు. అర్జీ యజమానిది. స్థానికంగా ఆ పనికి నడుస్తున్న జీతానికి తగ్గకుండా ఇస్తానని యజమాని మొదట కార్మిక శాఖకు హామీపత్రం పెడతాడు. ఎల్‌సీఏ అనేది దాన్నే. అది చేతికొచ్చాక వలస సేవల శాఖకు అసలు అర్జీ పెడతాడు. ఆ ఫారాల్లో ఉద్యోగి పేరు ‘లబ్ధిదారు’ గడిలో ఉంటుంది. మన దగ్గర పింఛన్ల జాబితాలో వినిపించే మాటే. కొర్రీ వేస్తూ ఉత్తరం వచ్చినా యజమాని లాయరుకే వస్తుంది. ఉద్యోగి స్వయంగా నిలబడి మాట్లాడేది కాన్సులేటు కిటికీ దగ్గర, అదీ రెండు మూడు నిమిషాలు. తనవంతుగా చేయడానికి ఏమీ లేని మనిషికి చిలుకూరులో తిరగడానికి ప్రదక్షిణలు దొరికాయి. ఆ గుడి పేరు ఇంత పాకడానికి ఇదీ ఒక కారణమని ఈ వ్యాసకర్త అనుకోలు.

ముందు కథ

ఒప్పందం మీద పరాయిదేశం పోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, బర్మాకు ఓడలెక్కారు. బర్మాలో తెలుగువాళ్ల పేరే ‘కోరంగీలు’ అయిపోయింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ దక్షిణాఫ్రికాలోని నటాల్ చేరాక అక్కడి చెరకు తోటలకూ వెళ్లారు. ఆ ఒప్పందం కూడా యజమాని చేతిలోదే.

అమెరికా మాత్రం ఆ రోజుల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముందే ఒప్పందం రాసుకుని విదేశీ కూలీలను దించుకోవడాన్ని 1885 నాటి చట్టం నిషేధించింది. 1917 చట్టం మన దేశంతో సహా ఆసియాలో చాలా భాగానికి తలుపు మూసింది. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరింది ఆ కాలంలోనే. గొప్ప మందులెన్నిటికో దారి వేసిన ఆయన 1948లో చనిపోయేదాకా అమెరికా పౌరుడు కాలేదు. 1946లో భారతీయులకు ఏడాదికి నూరుమంది చొప్పున కోటా ఇచ్చారు. 1952 చట్టం ‘హెచ్-1’ అనే తాత్కాలిక తరగతిని పెట్టింది. 1965 చట్టం దేశాలవారీ పాత కోటాలను ఎత్తేయడంతో ఉస్మానియా, గాంధీ, ఆంధ్ర, గుంటూరు వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు వరసకట్టారు. 1977లో న్యూయార్కులో తొలి తెలుగు మహాసభ జరిపింది ఈ తరంవాళ్లే.

1990 చట్టం, అమీర్‌పేట

1990 నవంబరు 29న జార్జి బుష్ (పెద్దాయన) సంతకం చేసిన వలస చట్టం పాత హెచ్-1ను విడగొట్టి హెచ్‌-1బిని తయారుచేసింది. ఏడాదికి 65,000 అన్న పరిమితి అప్పుడే వచ్చింది. చట్టం రాసినవాళ్లు ఒక సందు కూడా వదిలారు: తాత్కాలికంగా వచ్చిన మనిషి శాశ్వతంగా ఉండిపోవాలనుకున్నా తప్పులేదు. గల్ఫుకు, అమెరికాకు తేడా ఇక్కడే. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి పోయినవాడు కఫీలు (అక్కడి హామీదారు) పంపిన వీసా మీద వెళ్లి ఎప్పటికైనా తిరిగి రావాల్సిందే. హెచ్‌-1బి మీద పోయినవాడికి గ్రీన్‌కార్డు ఆశ ఉంటుంది.

పరిమితి మొదట్లో నిండనే లేదు. నింపింది వై2కె. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన పాపానికి 2000 జనవరి 1న అవి కూలిపోతాయన్న భయం పట్టుకుంది. పాత కోబాల్ ప్రోగ్రాములను వరస వరస చదివి సరిచేసేవాళ్లు వేలల్లో కావలసి వచ్చారు. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల మేడలన్నీ కోచింగ్ సెంటర్లయ్యాయి. గోడల మీద, కరెంటు స్తంభాల మీద కోర్సుల కాగితాలు. సివిల్ ఇంజినీరు, ఎమ్మెస్సీ బోటనీ అన్న తేడా లేకుండా కొన్ని నెలల్లో ‘మెయిన్‌ఫ్రేమ్స్’ నేర్చుకున్నారు. ఆ ఊపులోనే అమెరికా పరిమితిని 1999, 2000 సంవత్సరాలకు 1,15,000కు, ఆ తర్వాత మూడేళ్లకు 1,95,000కు పెంచింది. ఇటు 1987లో పుట్టిన సత్యం కంప్యూటర్స్ ఎదిగింది, 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది.

పెద్ద కంపెనీలతోపాటు కన్సల్టెన్సీలు లేచాయి. వీటి వ్యాపారం మనుషులను తెచ్చి ఇంకో కంపెనీలో పనికి పెట్టి, గంటకింత బిల్లు వసూలుచేసి, కోత పోగా జీతమివ్వడం. ప్రాజెక్టు లేకపోతే ‘బెంచ్’. న్యూజెర్సీలో ఒక్కో గెస్టుహౌసు గదిలో నలుగురైదుగురు పరుపులు పరుచుకుని ఫోను ఇంటర్వ్యూల కోసం కాచుకున్నారు. బెంచ్ మీద ఉన్నా జీతం ఇవ్వాల్సిందేనని 1998 చట్టం చెప్పింది. ఇవ్వనివాళ్లను అడిగే ధైర్యం మాత్రం, అర్జీ వాళ్లదే కాబట్టి, అందరికీ ఉండేది కాదు. ఈ వ్యాపారంలోని తెలుగువాళ్ల మీద షియాంగ్ బియావో అనే చైనా మానవశాస్త్రవేత్త హైదరాబాదులో, సిడ్నీలో తిరిగి ఒక పుస్తకమే రాశాడు (2007). కట్నాల సొమ్ము కంప్యూటరు చదువుల్లోకి, వీసా ఖర్చుల్లోకి ఎలా మళ్లిందో అందులో ఉంది. 2001 మాంద్యంలో చాలామంది పెట్టె సర్దుకుని తిరిగొచ్చారు.

స్టాంపింగ్, చిలుకూరు

2009 దాకా వీసా ముద్రకు మద్రాసు పోవాలి. రాత్రి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున దిగి, జెమిని వంతెన పక్కనున్న కాన్సులేటు ముందు ఫైలు చంకన పెట్టుకుని వరసలో నిలబడటం ఒక తరానికంతా ఉమ్మడి జ్ఞాపకం. చిలుకూరు పేరు మోగింది ఆ రోజుల్లోనే. మొక్కుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, పని అయ్యాక నూటెనిమిది. లెక్క తప్పకుండా ఒకటి నుంచి నూటెనిమిది దాకా గళ్లు అచ్చేసిన చిన్న కార్డు బయట అమ్ముతారు; చుట్టు తిరగగానే పెన్నుతో ఒక గడి కొట్టేయడం, మళ్లీ నడవడం. ఈ గుడిలో హుండీ లేదు, ప్రముఖులకు వేరే వరస లేదు. అమెరికా కిటికీ దగ్గరా లేదు లెండి.

హిమాయత్‌నగర్, అజీజ్‌నగర్, చిలుకూరు చుట్టూ ఇంజినీరింగు కాలేజీలు లేచాక ప్రదక్షిణల్లో కుర్రకారు ఇంకా పెరిగింది. పొద్దున గుడి, తొమ్మిదింటికి కాలేజీ బస్సు. అమెరికా కాన్సులేటు 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో తెరుచుకుంది, మరుసటేడు ఇంటర్వ్యూలు మొదలయ్యాయి, 2023 మార్చిలో నానక్‌రాంగూడకు మారింది. చిలుకూరుకు మరికాస్త దగ్గరైంది.

లాటరీ

2004లో పరిమితి తిరిగి 65,000కు పడిపోయింది. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000 కలిపారు. దాంతో దారి మారింది: కోబాల్ కోర్సు బదులు ఎమ్మెస్. 2008-2012 మధ్య అమెరికాకు విద్యార్థులను పంపిన ప్రపంచ నగరాల్లో 26,220 మందితో హైదరాబాదు నాలుగోదని బ్రూకింగ్స్ సంస్థ లెక్కగట్టింది. చదువు పేరిట వల వేసినవాళ్లూ పుట్టుకొచ్చారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం బోగస్‌దని మూసేస్తే, అక్కడ చేరిన తెలుగు పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్‌టన్ మరీ విడ్డూరం. ఆ విశ్వవిద్యాలయాన్ని పెట్టిందే అమెరికా ప్రభుత్వ అధికారులు. మొదట పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, అందులో తెలుగువాళ్లే ఎక్కువ.

2007 ఏప్రిల్‌లో గడువు తెరిచిన రెండు రోజుల్లోనే లక్షా ఇరవై వేలకు పైగా అర్జీలు వచ్చిపడటంతో చీటీలు తీయాల్సి వచ్చింది. 2013 నుంచి ఏటా అదే తంతు. ‘లాటరీలో తగిలిందా?’ అన్న ప్రశ్న పెళ్లిచూపుల్లోకి కూడా వచ్చింది. 2020 నుంచి అర్జీకి ముందు పది డాలర్లు కట్టి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేస్తే చాలన్నారు. ఇంకేం, ఒకే మనిషికి నలుగురైదుగురు యజమానులు పేరు వేశారు. 2023లో నమోదులు 7,80,000 దాటాయి. మరుసటేడు పాస్‌పోర్టుకు ఒకటే చీటీ అన్నాక దాదాపు 4,80,000కు దిగాయి.

తగిలినవాళ్లకు తర్వాతి వరస గ్రీన్‌కార్డు. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన వల్ల భారతీయుల వరస ఏళ్ల తరబడి సాగుతుంది. ఈలోగా ఆరేళ్లు దాటినా వీసా పొడిగించుకోవచ్చు. ఉద్యోగం పోతే కొత్త యజమాని దొరకడానికి గడువు 60 రోజులే. అది కూడా 2017లో ఇచ్చిన వెసులుబాటు. భార్యాభర్తల్లో రెండోవారికి పనిచేసే అనుమతి 2015లో వచ్చింది. అదీ, గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం వెళ్లిన కుటుంబాలకే.

2025 సెప్టెంబరు 19, శుక్రవారం, అధ్యక్షుడు ట్రంప్ కొత్త అర్జీకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటించాడు. ఇండియాకు వచ్చి ఉన్న ఉద్యోగులు వెంటనే తిరిగి రావాలని పెద్ద కంపెనీలు సందేశాలు పంపాయి. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదన్న వివరణ శనివారం గానీ రాలేదు. ఆదేశం అమల్లోకి వచ్చేసరికి మన గడియారంలో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. తెలంగాణలో ఆరోజు ఎంగిలిపూల బతుకమ్మ.